తిరిగి వచ్చిన ఒక్కడు

ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యని మనలో నొక సామెత కలదు. మేలు పొందుట యొకటి, పొందిన మేలును గుర్తెరుగుట మరియొకటి యని ఆ సామెతను పుట్టించిన పల్లెవారికి బాగుగా తెలియును. జ్వరము దిగిన మూడవనాటికి వైద్యుని పేరు మరచువారు, ఆపద గడచిన మరునాటికి మ్రొక్కుబడిని మరచువారు ప్రతి గ్రామమునను కలరు. వారు దుర్మార్గులు కారు. కష్టము పోయినది గనుక కష్టమున తోడుండిన చేయియు మనస్సునుండి జారిపోయినది, అంతియే.

క్రైస్తవ మతమున ఈ విషయము మరియొక చిక్కుతో కూడియున్నది. దేవుడు స్వస్థపరచువాడని ఆ మతస్థులు నమ్ముదురు. ప్రతి ప్రార్థనయందును ఆయనకు కృతజ్ఞతాస్తుతులు చెల్లింతురు. స్వస్థత పొందినవాడు స్తుతించుట న్యాయమే. పొందనివాడు దేనికొరకు స్తుతింపవలెను? మంచముమీదనే ముప్పది యేండ్లు గడపిన రోగి తన చెంత దేవుడు కలడని యెట్లెరుగవలెను? ఈ ప్రశ్నకు ఉపదేశవాక్యములతో సమాధానము చెప్పుట సులభము. మేము ఉపదేశమును విడిచి చరిత్రను ఆశ్రయింపదలచితిమి. అందుకై ఒక్క వ్యాధినే తీసికొందుము. మనవారు నోట పేరు పలుకుటకు జంకి "పెద్దరోగము" అనియు "మహావ్యాధి" అనియు చెప్పుకొనిన కుష్ఠవ్యాధి యది.

లూకా సువార్త 17వ అధ్యాయమున నొక చిన్న కథ కలదు. యేసు సమరయ గలిలయ దేశముల పొలిమేరలలో పోవుచుండగా నొక గ్రామమువద్ద పదిమంది కుష్ఠరోగులు దూరమున నిలిచి కనికరింపుమని కేకలు వేసిరి. పోయి యాజకులకు కనబరచుకొనుడని ఆయన చెప్పెను. రోగము పోయినదని తీర్పు చెప్పి ఊరిలో చేర్చుకొను అధికారము ఆనాడు యాజకులది. పదిమందియు బయలుదేరిరి, త్రోవలో పోవుచుండగానే శుద్ధులైరి. అందులో నొక్కడు మాత్రము తన దేహమును చూచుకొని వెనుకకు తిరిగి, బిగ్గరగా దేవుని స్తుతించుచు వచ్చి ఆయన పాదములయొద్ద సాగిలపడెను. అతడు సమరయుడు, అనగా యూదులు సాంగత్యము చేయని జాతివాడు. తక్కిన తొమ్మండుగురు ఎక్కడనని యేసు అడిగెను. ఆ ప్రశ్నకు కథలో జవాబు లేదు.

ఈ కథను గ్రీకు మూలమున చదివిన పండితులు ఒక విశేషమును చూపుదురు. బాగుపడుటను తెలుపుటకు అందు మూడు వేర్వేరు క్రియలు వాడబడినవి. పదిమందియు "శుద్ధులైరి" అనుచోట నొకటి. ఆ యొక్కడు తాను "స్వస్థుడైతి" నని చూచుకొనినప్పుడు మరియొకటి. తుదకు నీ విశ్వాసము నిన్ను బాగుచేసెనని యేసు అతనితో పలికినప్పుడు మూడవది. ఈ మూడవ క్రియకు రక్షించుట, సంపూర్ణుని చేయుట యను అర్థములు కూడ కలవు. శుద్ధి పదిమందికిని కలిగెను. చర్మము పదిమందికిని ఒక్కతీరుననే బాగుపడెను. తనకేమి జరిగినదో ఎరిగి, ఆ ఎరుకతో వెనుకకు తిరిగినవానికే ఆ కడపటి మాట దక్కెను. అతడు కృతజ్ఞత చెప్పుటను తెలుపు గ్రీకు క్రియనుండియే క్రైస్తవులు తమ పవిత్ర భోజన సంస్కారమునకు "యూకరిస్ట్" అను పేరు పెట్టుకొనిరి. రొట్టె విరుచునపుడెల్ల వారు చేయునది, పేరునుబట్టి చూడగా, ఆ సమరయుడు చేసిన పనియే.

మరియొక సంగతి గమనింపదగినది. తిరిగి రాని తొమ్మండుగురికి వ్యాధి మరల వచ్చినదని సువార్త చెప్పదు. వారికిచ్చిన మేలు వారియొద్దనే యుండెను. కృతజ్ఞత మేలునకు వెల కాదని ఇందువలన తేలుచున్నది. ఈ మాటతో మరల పని కలుగును గనుక చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొందురుగాక.

పూర్వపు యూదుల ధర్మశాస్త్రమున, లేవీయకాండము 13వ అధ్యాయము ప్రకారము, ఈ రోగము సోకినవాడు చినిగిన బట్టలతో, పైపెదవి కప్పుకొని, తాను అపవిత్రుడనని తానే చాటుకొనుచు పాళెము వెలుపల నొంటరిగా నుండవలెను. ఆ గ్రంథములలో చెప్పబడిన వ్యాధియు నేడు వైద్యులు కుష్ఠమని నిర్ణయించునదియు సరిగా నొక్కటి కావని ఇప్పటి పండితుల అభిప్రాయము. అనేక చర్మవ్యాధులు ఆ పేరున చేరియుండెను. కాని వెలి మాత్రము ఒక్కటే. అట్టి రోగిని యేసు చేయి చాపి ముట్టెనని మార్కు వ్రాసెను. మాటతో బాగుచేయగలవాడు ముట్టనేల? ఆ రోగికి మందుకంటె ముందు కావలసినది మనుష్యస్పర్శ యని మాకు తోచుచున్నది.

తరువాతి శతాబ్దములలో క్రైస్తవులు ఈ స్పర్శను ఎంతవరకు జ్ఞాపకముంచుకొనిరో చూతము. రమారమి 260లో అలెగ్జాండ్రియా నగరమున మహామారి చెలరేగినపుడు, రోగులను విడిచిపోక వారికి పరిచర్య చేసి తామును మరణించిన తన సంఘస్థులనుగూర్చి బిషప్పు డయొనీషియస్ వ్రాసిన లేఖ యూసీబియస్ చరిత్రలో నిలిచియున్నది. మరి నూరేండ్లకు కప్పదొకియ దేశమున, కైసరయ నగరమునకు 370లో బిషప్పైన బాసిల్ పట్టణపు వెలుపల రోగులకును బాటసారులకును బీదలకును గొప్ప ఆశ్రమమును కట్టించెను. అతని మిత్రుడు నాజియాంజస్ గ్రెగరీ బాసిల్ మరణానంతరము చేసిన ప్రసంగమున దానిని క్రొత్త పట్టణమని వర్ణించెను. కుష్ఠరోగులకు అందు చోటు కలిగెను; గొప్ప కులమున పుట్టిన బాసిల్ వారిని సోదరులుగా కౌగిలించుకొనుటకు వెనుదీయలేదని గ్రెగరీ సాక్ష్యము.

వీరినిట్లు నడపిన విశ్వాసమెట్టిది? రోగిగా నుంటిని, నన్ను చూడవచ్చితిరి యను భావముతో క్రీస్తు చెప్పినట్లు మత్తయి 25వ అధ్యాయమున నున్నది. కావున దేవుని సన్నిధి వైద్యునియొద్దనుండి రోగియొద్దకు పోవుటకాదు. రోగియొద్దనే ముందుగా నున్నది. పరిచర్య చేయువాడు దానిని కనుగొనుటకు పోవుచున్నాడు. అట్లైనచో వందనము చెప్పవలసినది రోగి మాత్రమే కాదు, పరిచారకుడును చెప్పవలెను. నాలుగవ శతాబ్దాంతమున జెరోము చేసిన లాటిను అనువాదమున యెషయా గ్రంథపు 53వ అధ్యాయములోని బాధితుడు కుష్ఠరోగివంటివాడని యుండుటచే, మధ్యయుగమున క్రీస్తునే కుష్ఠరోగి రూపమున భావించు వాడుక యూరపున ప్రబలెను.

ఇంతటి భావన గల దేశములలోనే అత్యంత క్రౌర్యమును జరిగెనని చెప్పక తప్పదు. 1179లో లాటరన్ మూడవ మహాసభ, రోగులు గుంపుగా నివసించుచోట్ల వారికి వేరు దేవాలయమును వేరు శ్మశానమును ఉండవచ్చునని నిర్ణయించెను. దయతో చేసిన యేర్పాటే యైనను దానివలన గోడ మరింత గట్టిపడెను. కొన్ని ప్రాంతములలో రోగిని వెలివేయుదినమున, బ్రతికియున్నవానికే మరణసంస్కారమును పోలిన తంతు జరపుచుండిరి. 1321లో ఫ్రాన్సుదేశమున కుష్ఠరోగులు బావులలో విషము కలిపిరను వదంతి పుట్టి అనేకులు సజీవముగా దహింపబడిరి. వారిని కాల్చినవారును ఆదివారమున యూకరిస్టుకు పోవువారే. నోటితో స్తోత్రము చెప్పుచునే హృదయము మొద్దుబారిపోవచ్చును.

ఆ యుగముననే అస్సీసి ఫ్రాన్సిస్ జీవించెను. ధనిక వర్తకుని కుమారుడైన అతడు యౌవనమున కుష్ఠరోగులను చూచుటకే అసహ్యపడుచుండెను. 1226లో మరణమునకు ముందు వ్రాయించిన మరణశాసనమున, తన మార్పు ఆ రోగుల నడుమకు పోయి వారియెడ కనికరము చూపుటతోనే ఆరంభమైనదని అతడు చెప్పుకొనెను. వారిని తాను బాగుచేసితినని అతడు చెప్పలేదు. వారివలన తానే బాగుపడితినని చెప్పినట్లున్నది. కడపటి సంవత్సరములలో అతని కన్నులు వెలుతురు నోర్వలేనంతగా చెడెను. రమారమి 1225లో, ఆ స్థితిలోనే, సూర్యునికొరకు దేవుని స్తుతించు గీతమును అతడు తన దేశభాషలో కట్టెను. అతని కన్నులు మరల బాగుపడలేదు. స్వస్థత పొందనివాడు దేనికొరకు స్తుతింపవలెనని ఆరంభమున మేమడిగిన ప్రశ్నకు చరిత్ర చెప్పు మొదటి సమాధానమిది. తన కంటికి అందని వెలుగు లోకమునకు అందుచున్నదని అతడు సంతసించెను.

ఇక 1873వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు ఫిబ్రవరిలో నార్వేదేశపు బెర్గెన్ నగరమున ఆర్మర్ హాన్‌సెన్ అను వైద్యుడు కుష్ఠవ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. పూర్వజన్మపాపమనియు, వంశపారంపర్యమనియు, దైవశాపమనియు యుగయుగములుగా చెప్పబడినది కంటికి కానరాని యొక క్రిమి పనియని అప్పటినుండి తెలిసెను. ఆ యేడే మే నెలలో, హవాయి రాజ్యము రోగులను నిర్బంధించి యుంచిన మొలకాయి ద్వీపపు తావునకు 33 యేండ్ల బెల్జియందేశపు గురువు డేమియన్ చేరెను. ఒకడు రోగమును ఎరుగుటకును, మరియొకడు రోగిని ఎరుగుటకును పూనుకొనిరి. పేరులేక పూడ్చబడుచుండిన వారికి డేమియన్ శవపేటికలు చేసెను, ఇండ్లు కట్టెను, పుండ్లు కడిగెను. 1884లో నొకనాడు వేడినీటిలో పాదము పెట్టగా చర్మము పొక్కినను మంట తెలియలేదు. తనకును ఆ వ్యాధి సోకినదని అతడు గ్రహించెను. కుష్ఠరోగులమైన మనము అని అతడు సంఘముతో పలుకుట కల్ల గాక నిజమే యయ్యెను. 1889 ఏప్రిల్ 15న అతడు మరణించెను. 2009లో రోము సంఘము అతనిని పునీతునిగా ప్రకటించెను. స్వస్థత నిచ్చుటకు పోయినవాడు రోగియై మరణించినందున ఆ ద్వీపమున దేవుని సన్నిధి లేకపోయెనని అచ్చటివారెవ్వరును తలపలేదు.

మన తెలుగుదేశమునకు ఈ చరిత్ర మరియొక మార్గమున వచ్చెను. ఇసబెల్ కెర్ అను ఆమె 1875లో స్కాట్లండున జన్మించి, అబర్డీనున వైద్యవిద్య ముగించి, 1907లో భర్త జార్జి కెర్‌తో హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. ఇందూరు, అనగా నేటి నిజామాబాదు, ప్రాంతమున తన చికిత్సకు వచ్చువారిలో కుష్ఠరోగులు అనేకులుండుటయు, వారికి తగిన తావు లేకుండుటయు ఆమె చూచెను. డిచ్‌పల్లియందు 1915లో ఆ దంపతులు కుష్ఠరోగుల ఆసుపత్రిని తెరచిరి. దాని నిర్మాణమునకు ధనమిచ్చి తోడ్పడినవాడు రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత. అతడు ఆ మిషను సంఘమున చేరినవాడు కాడు. సువార్త కథలో తిరిగి వచ్చినవాడు పరజాతివాడైనట్లే, ఇచ్చట ముందుగా చేయి చాపినవాడును పరమతస్థుడే యయ్యెను. పరాయివారి బాధ తనదియే యని ఎరుగుటకు ఏ మతమును ఆటంకము కాదని మన ప్రాంతపు చరిత్రయే చూపుచున్నది.

ఆనాటి చికిత్స మన అడవులనుండి వచ్చినదే. మనవారు అడవిబాదమని పిలుచు చెట్టు గింజల నూనె అది. సుశ్రుతుడు తువరకమను పేర ఆ జాతి చెట్టునే కుష్ఠమునకు విధించెను. కలకత్తాలో లెనర్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ మొదలగు వైద్యులు దానిని సూదిమందుగా సంస్కరించిరి. సూది మిక్కిలి నొప్పి కలిగించెడిది; నెలల తరబడి పొడిపించుకొనవలసియుండెను; అందరికిని గుణమిచ్చెడిది కాదు. అయినను ఏమియు చేయలేమను కాలము పోయి, ఏదో చేయవచ్చునను కాలము వచ్చెను. తలదాచుకొనుటకు మాత్రమే వచ్చు రోగులు క్రమముగా చికిత్సకొరకు రాసాగిరి. ఇసబెల్ కెర్ 1932లో మరణించెను. 1941లో అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రిలో సల్ఫోను జాతి మందులు గుణమిచ్చునని తేలెను; 1946లో చెంగల్పట్టున రాబర్ట్ కాక్రేన్ డాప్సోను మందును ప్రయోగించెను; 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు మూడు మందులను కలిపి యిచ్చు చికిత్సను విధించెను. ఆరునెలలనుండి సంవత్సరము లోపల రోగము సంపూర్ణముగా కుదురునని నేడు ధైర్యముగా చెప్పవచ్చును.

మిషను ఆసుపత్రులనుగూర్చి వ్రాయుచు ఒక విషయమును దాచుట న్యాయము కాదు. రోగి చూపు కృతజ్ఞతను మతప్రవేశమునకు సోపానము చేసికొనవలెనని తలచినవారు ఆనాటి మిషనరీలలో కలరు. ప్రతి రోగికిని ఆ యాస చూపి చందాలు కోరిన పత్రికలును కలవు. దిక్కులేని రోగి, అన్నమును మందును ఇచ్చినవాని మతమును స్వీకరించినప్పుడు, అది హృదయపూర్వకమా, నిస్సహాయమా యని అడుగుటకు ఇతరులకు హక్కు కలదు. హృదయపూర్వకముగా చేరినవారు లేరని మేమనము. మున్ను వెలివేయబడినవానిని పేరుపెట్టి పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టిన సంఘమును అతడు తనదిగా నెంచుటలో వింత యేమియు లేదు. కాని మేలు చేసినవాడు కృతజ్ఞతను వసూలు చేయబూనినచో అది కృతజ్ఞత కాదు, అప్పు. తొమ్మండుగురి శుద్ధిని యేసు వెనుకకు తీసికొనలేదని పైన చెప్పితిమి. ఆయన పేర స్థాపింపబడిన ఆసుపత్రులకు ఇంతకంటె మంచి నిబంధన లేదు. దానిని పాటించిన వైద్యులను ప్రజలు అడుగకయే జ్ఞాపకముంచుకొనిరి.

కుష్ఠవ్యాధి స్వరూపమునుగూర్చి లోకమునకు క్రొత్త యెరుక కలిగించిన పని మన పొరుగుననే జరిగెను. రాయలసీమవారు తరతరములుగా చికిత్సకు పోవు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. అతడు 1914లో దక్షిణదేశపు కొల్లికొండలలో మిషనరీ దంపతులకు పుట్టినవాడు. కుష్ఠము సోకినవారి వ్రేళ్లు రోగమువలననే కుళ్లి రాలిపోవునని అప్పటివరకు వైద్యులును నమ్ముచుండిరి. బ్రాండ్ పరీక్షించి చూడగా, మాంసము కుళ్లుట కాక, స్పర్శజ్ఞానము నశించుటయే మూలమని తేలెను. నొప్పి తెలియదు గనుక రోగి నిప్పుమీది పాత్రను వట్టిచేతితో దించును. మేకు గ్రుచ్చుకొనిన పాదముతోనే నడచును. పుండు మానకమునుపే దానిని మరల నలుపును. ఒకనాడు త్రుప్పుపట్టిన తాళమును బ్రాండ్ తిప్పలేకపోగా నొక బాలుడు సునాయాసముగా తిప్పెను. చూడగా అతని వ్రేలు తెగి ఎముక కనబడుచుండెను, బాలునికి తెలియనే లేదు. రాత్రికి రాత్రి కొందరి వ్రేళ్లు మాయమగుటకు కారణము వెదకగా, నిద్రలో ఎలుకలు కొరుకుచున్నవని బయటపడెను. అటుపిమ్మట ఆ రోగులకు పిల్లులను పెంచుకొనుటకు ఇచ్చిరి. చచ్చుబడిన వ్రేళ్లకు బలమున్న కండరముల స్నాయువులను మార్చి కుట్టి, ముడుచుకొనిపోయిన చేతులను తెరచు శస్త్రచికిత్సను బ్రాండ్ రూపొందించెను.

అతడే చెప్పిన యొక సంగతి ఈ వ్యాసమునకు మిక్కిలి అవసరము. అమెరికానుండి ప్రయాణము చేసి లండను చేరిన రాత్రి, మేజోడు విప్పుచుండగా మడమలో స్పర్శ లేనట్లు అతనికి తోచెను. సూదితో పొడిచి చూచెను, నొప్పి లేదు. తనకును వ్యాధి సోకినదని నిశ్చయించుకొని, భార్యాబిడ్డలకు దూరమగు దినములను తలచుకొనుచు రాత్రియెల్ల నిద్రలేక గడపెను. తెల్లవారి మరల సూదితో పొడువగా కెవ్వున కేక వచ్చెను. రైలులో కదలక కూర్చుండుటచే పట్టిన తిమ్మిరి మాత్రమే యది. ఆ నొప్పికొరకు అతడు దేవునికి కృతజ్ఞత చెప్పుకొనెను. లోకమున ఆరోగ్యమునకు కృతజ్ఞత చెప్పినవారు కోట్లకొలది కలరు. నొప్పికి చెప్పినవారు అరుదు. నొప్పి తెలియనివారి చేతులను ప్రతిదినమును చూచినవాడు గనుకనే అతడట్లు చెప్పగలిగెను.

ఇందువలన మాకు తోచినది చెప్పెదము. కుష్ఠము దేహమునకు చేయు హానియు, కృతఘ్నత మనస్సునకు చేయు హానియు ఒక్క తీరుననే యున్నవి. రెంటియందును మొదట చచ్చునది ఎరుక. ఎరుక చచ్చినపిదప గాయమైనను తెలియదు, మేలైనను తెలియదు. తొమ్మండుగురికి చర్మమున స్పర్శ వచ్చెను. ఒక్కనికి హృదయమునకును వచ్చెను. దేవుని స్వస్థతాసన్నిధి యని క్రైస్తవులు చెప్పునది రోగము పోవుటతోనే ముగియదు. మొద్దుబారినది మరల తెలివొందుటయే దాని గురుతు. తన బాధ తనకు తెలియుట, ఇతరుల బాధ తనకు తెలియుట, తనకు చాపబడిన చేయి ఎవరిదో తెలియుట, ఇవి స్వస్థతలో భాగములు. ఈ భాగములు లేనిచో దేహము బాగైనను మనుష్యుడు సగమే బాగుపడెను. ఇవి యున్నచో దేహము బాగుకాకున్నను సన్నిధి లేదనరాదు.

ఇది మాటలకు మాత్రమే కుదురు సిద్ధాంతమని కొందరు తలపవచ్చును. వేలూరుననే పనిచేసిన వైద్యురాలు మేరీ వర్గీస్ చరిత్రను వారు చూతురుగాక. 1954లో జరిగిన మోటారు ప్రమాదమున ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చుబడెను. ప్రార్థనలు జరిగినను కాళ్లు తిరిగి రాలేదు. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేయుట నేర్చెను. నడువలేని వైద్యురాలు తమ చేతులను బాగుచేయుచుండుట చూచిన రోగులకు ఎట్టి ప్రసంగమును అక్కరలేకపోయెను. ఆమె పూనికచే 1966లో వేలూరున అవయవహీనులకు పునరావాస చికిత్సాలయము వెలసెను. 1972లో ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను. తనకు పోయినదానిని లెక్కించుట మాని మిగిలినదానిని ఎరుగుట కృతజ్ఞతలో మొదటి మెట్టు. ఆ మిగిలినదానిని ఇతరులకు వెచ్చించుట రెండవ మెట్టు. ఆమె రెండును ఎక్కెను.

ఇక మన గృహములమాట. 2005 డిసెంబరునాటికి మన దేశమున కుష్ఠము పదివేలమందికి ఒక్కరికంటె తక్కువకు దిగెనని ప్రభుత్వము ప్రకటించెను. అయినను నేటికిని సంవత్సరమునకు సుమారు లక్షమంది క్రొత్త రోగులు ఈ దేశమున కనబడుచున్నారు. లోకమందలి క్రొత్త రోగులలో సగముకంటె ఎక్కువమంది మనవారే. మందు ఉచితముగా దొరకును. ప్రజలలో అధికసంఖ్యాకులకు ఈ రోగము నెదిరించు శక్తి పుట్టుకతోనే కలదు. చికిత్స ఆరంభించినవానివలన అంటుకొనునను భయము నిరాధారము. అయినను స్పర్శ తెలియని మచ్చను బట్టక్రింద దాచుకొని, చేయి వంకరపోవువరకు వైద్యునియొద్దకు పోనివారు అనేకులు. వారు భయపడుచున్నది రోగమునకు కాదు, మనకు. రోగులను నిర్బంధించుటకు 1898లో చేసిన చట్టము 2016వరకు రద్దు కాలేదు. భార్యకుగాని భర్తకుగాని ఈ రోగము కలదను కారణమున విడాకులు కోరవచ్చునను నిబంధన 2019వరకు మన వివాహచట్టములలో నుండెను. మందు కనిపెట్టుటకు పట్టిన కాలముకంటె మందు పనిచేసినదని చట్టము నమ్ముటకు పట్టిన కాలమే యెక్కువయ్యెను. చట్టము మారినను వంటయింటి గడప ఇంకను మారలేదు. కుదిరి యింటికి వచ్చినవానికి వేరు కంచము, వేరు చెంబు, పెండ్లిపందిటిలో వెనుకవరుస నేటికిని తప్పుటలేదు.

కృతజ్ఞత గల గృహము ఏదియో తెలిసికొనుటకు ఇదియే పరీక్ష యని మా యభిప్రాయము. ఉదయ సాయంకాలములు దేవునికి స్తోత్రము చెప్పు క్రైస్తవగృహమైనను, నిత్యపూజ జరుపు హిందూగృహమైనను, అయిదువేళల నమాజు చేయు మహమ్మదీయగృహమైనను, మనకు ఆరోగ్యము ఈయబడినదని నిజముగా ఎరిగినచో, ఈయబడనివానికి ఆ యింట చోటుండవలెను. ఆరోగ్యము తన గొప్ప యని తలచువాడు రోగిని నేరస్థునిగా చూచును. ఆరోగ్యము తనకు వరముగా వచ్చినదని తలచువాడు రోగిని చూచి తల వంచును. పిల్లలకు ప్రార్థన నేర్పు తల్లిదండ్రులు, ఒంటిమీద మచ్చ కనబడినచో దాచక చూపవలెననియు, రోగి కూర్చుండిన పీటను కడుగక కూర్చుండవలెననియు ఆ ప్రార్థనతోపాటే నేర్పుదురుగాక. చేయి చాపి ముట్టుట దేవతలకు మాత్రమే చెల్లు మహిమ కాదు. మనకును సాధ్యమైన పనియే.

తక్కిన తొమ్మండుగురు ఎక్కడనని ఆనాడు పొలిమేరలో అడుగబడిన ప్రశ్నకు ఇంకను ఎవ్వరును జవాబు చెప్పలేదు. వారు ఇండ్లకు పోయి సుఖముగా నుండిరని మేము నమ్ముచున్నాము. వారి యిండ్లముందు మరల నొక రోగి నిలిచి కేక వేసినప్పుడు వారిలో ఎందరు తలుపు తీసిరో, వారు తిరిగి రాకుండుట మరపో, కృతఘ్నతయో, దానివలననే తెలియును. మన విషయమును అంతియే.